కడుపులో కాపురమున్నవాళ్ళు

సెప్టెంబరు 9, మంగళవారం

కటక్ వెళ్ళి వచ్చాం. కంటి డాక్టరు ఎడమ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూశాడు. కుడి కంట్లోకి వెయ్యలేదు. అది ఎప్పుడో ఆరిపోయిన దీపమని ఆయనకూ తెలిసిపోయింది.

"పొర ముదిరిందమ్మా. తీసేస్తే శుభ్రంగా కనిపిస్తుంది. కానీ ఒంట్లో ఇంత చక్కెర పెట్టుకుని వస్తే నేను కత్తి పట్టుకోను. లోపల చీము పడితే ఉన్న ఒక్క కన్నూ పోతుంది. ముందు చక్కెర దించుకు రండి" అన్నాడు.

ఎంత వ్యవధి ఉందని మా కోడలు ఝరణా అడిగింది. చలికాలం దాటనివ్వొద్దు, ఇంకా ముదిరితే తీయడం కష్టం అన్నాడు.

దారి పొడుగునా నాకు ఒకటే గుబులు. కన్ను పోతే నన్నొక గదిలో కూర్చోబెట్టి ముద్దలు నోట్లో పెడతారు. పెట్టేవాళ్ళకు కొన్నాళ్ళకు విసుగు పుడుతుంది. ఆ విసుగు గొంతులో వినిపిస్తుంది. మొహం మాత్రం కనిపించదు. అదే ఎక్కువ భయం.

మా పహాళాలో ఆటో దిగగానే పాకం వాసన. రోడ్డుకు రెండు పక్కలా రసగుల్లా కొట్లే, అందులో మాదొకటి. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఆవిరి పీల్చి బతికినదాన్ని. నన్ను మిఠాయి మానమనడం చేపను నీళ్ళు మానమన్నట్టే.

అయినా మానేస్తాను. రాసి పెడుతున్నాను. ఇవాళ్టి నుంచి ముట్టను.

సెప్టెంబరు 10

ఏమీ తినలేదు. పాకం కుదిరిందో లేదో చూడమంటే వేలు ముంచి చూశాను. అది పని. తినడం కాదు.

సెప్టెంబరు 11

ఛెనాపొడ అంచు మాడింది. మాడిన అంచు ఎవరూ కొనరు. విరిగిన పాలు, చక్కెర, నెయ్యి పోసి కాల్చినదాన్ని చెత్తలో వేస్తే లక్ష్మి కోపగించుకుంటుంది.

సెప్టెంబరు 13, శనివారం

మేడ మీద గదిలో అద్దెకుంటున్న స్మృతిరేఖ భువనేశ్వర్‌లో పెద్ద చదువు చదువుతోంది. ఏం చదువో ఇన్నాళ్ళూ అడగలేదు. ఇవాళ బట్టలు ఆరేస్తూ అడిగాను.

"కడుపులో ఉండే జీవాల గురించి, మావుసీ" అంది. నన్ను పిన్ని వరస చేసి మావుసీ అంటుంది.

"నులిపురుగులా?"

"ఛ, అవి కాదు. కంటికి కనిపించనంత చిన్నవి. పేగుల్లో ఉంటాయి. కోట్లకు కోట్లు."

"నా కడుపులోనా?"

"అందరి కడుపుల్లోనూ. ఇదిగో, నా కడుపులో కూడా."

"మరి అద్దె కడతాయా?" అన్నాను.

ఆ పిల్ల పడీ పడీ నవ్వి, "నాకంటే సరిగ్గా కడతాయి" అంది. మనకు అరగని పీచును అవి తిని, మన పేగులకు కావలసినవి తయారుచేసి పెడతాయట. కానీ ఒక్కో రకానికి ఒక్కో తిండట. రోజూ తీపి పోస్తుంటే తీపి తినేవి పెరిగిపోతాయి, ఆకుకూరలూ పప్పులూ తినేవి చిక్కిపోతాయి. పెరిగినవాళ్ళ గోల పెరుగుతుంది కదా. కడుపుకూ మెదడుకూ నడుమ ఒక నరం ఉందట, తీగ లాగా. దాని మీదుగా వాళ్ళ గోల మనకు 'ఇంకొంచెం కావాలి' అన్నట్టు అందుతుందేమోనని వీళ్ళ అనుమానం.

"ఎలుకల్లో చూశాం మావుసీ. మనుషుల్లో ఎంతవరకు నిజమో ఇంకా వెతుకుతున్నాం. తీపి మీద మనసు పోవడానికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి."

ఆ పిల్లకు అనుమానమేమో కానీ నాకు అనుమానం లేదు. అడిగేది నేను కాదు. ఆశపోతు, ఆశపోతు అని మా ఆయన పోయేదాకా దెప్పాడు. పాపం, ఆయనకు తెలియదు.

ఇంత చిన్న వయసులో ఇంత తెలుసుకుంది. వాళ్ళమ్మ కడుపు చల్లగా ఉండాలి.

సాయంత్రం వాళ్ళు అడిగారు. రెండు ఇచ్చాను.

సెప్టెంబరు 14

కడుపులో ఉన్నవి చాలక పైనుంచి కొత్తవి పోసుకోవడమెందుకని పఖాళ, అదే చద్దన్నం, కుండలో పులిసిన తరవాణి మొత్తం తులసి మొదట్లో పారబోశాను. కుండను వేడినీళ్ళతో తొలిచాను. పెరుగు కూడా మరగబెట్టాను. విరిగింది.

ఝరణా వచ్చి చూసింది. "అయ్యో బొవూ, తరవాణి ఏమైంది?" అంది. మా అబ్బాయి లాగే నన్ను బొవూ అంటుంది, అమ్మా అన్నట్టు.

"అందులో జీవాలున్నాయట."

"ఉంటాయి మరి. అవి మనవాళ్ళేనండీ!"

పైకి వెళ్ళి స్మృతిరేఖను లాక్కొచ్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వారు. పులిసిన దాంట్లో ఉండేవి వేరట, తీపి కోసం గోలపెట్టేవి వేరట. నాకేం తెలుసు? ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చుట్టాల్లో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ ఉన్నట్టే వీటిలో కూడానట. ఆ మాట ముందే చెప్తే కుండ బతికేది.

సెప్టెంబరు 16

పొద్దున కొట్టు వెనక నన్ను ఝరణా పట్టుకుంది. చేతిలో ఒకటి, నోట్లో ఒకటి. ఏం చెప్పను? "నేను కాదమ్మా, వాళ్ళు అడిగారు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. నవ్వుతుందనుకున్నాను. నా చేతిలోది మెల్లిగా తీసుకుని, "అయితే మీతో నాకు గొడవ లేదు బొవూ. వాళ్ళతోనే మాట్లాడతాను" అంది.

ఆ మాట పొద్దుటి నుంచీ చెవిలో తిరుగుతోంది. మా అత్తగారయితే చేతి మీద కొట్టి ఉండేది. నేను అత్తగారినై ఉండి ఈ పిల్లను ఎన్నిసార్లు మాటలతో కొట్టలేదు!

సెప్టెంబరు 18

వాళ్ళతో ఝరణా మాట్లాడే తీరు ఇదీ. తరవాణి ఎక్కువ, మెతుకు తక్కువ. పక్కన మునగాకు వేపుడు, ఉలవల పప్పు, కాల్చిన వంకాయ. బలాంగీర్ నుంచి వాళ్ళమ్మ పంపిన హెండువా. వెదురు కొమ్ములు తురిమి, పులియబెట్టి ఎండబెడతారు. డబ్బా మూత తీస్తే చాలు, వీధి చివరి దాకా తెలుస్తుంది. ఈ పిల్ల కాపురానికొచ్చిన కొత్తలో దాని కోసం గిన్నె వేరు, గరిటె వేరు పెట్టించాను. ఇప్పుడు అది నా పళ్ళెంలోకి వచ్చింది.

మా అబ్బాయి బిరంచి ముక్కు మూసుకుని వచ్చాడు. "మిఠాయి కొట్టు వెనక ఈ కంపేంటి? గిరాకీ పారిపోతుంది."

"మీ గిరాకీ రోడ్డవతలికి పోతుందంతే. బొవూ కన్ను పోతే ఎక్కడికెళ్ళి తెస్తారు?" అంది ఝరణా, గరిటె తిప్పుతూనే.

వాడికి కొట్లో ఏదో పని గుర్తొచ్చింది. వాళ్ళ నాన్నకు కూడా అంతే, ఓడిపోతే పని గుర్తొచ్చేది.

తిన్నాను. ముక్కు మూసుకుని.

సెప్టెంబరు 22

తలనొప్పి. ఒళ్ళంతా చిరచిర. పాకం పొంగిన వాసనొస్తే ప్రాణం కొట్టుకుపోతోంది. మధ్యాహ్నం పళ్ళెం తోసేసి, "నీ ఊరి కరువు తిండి నువ్వే తిను. మీకు దొరక్క తిన్నారు, నాకేం ఖర్మ?" అన్నాను.

అనేశాక వెనక్కి తీసుకోలేకపోయాను.

ఝరణా పళ్ళెం తీసి మూత పెట్టింది. కింద పడిన మెతుకులు ఏరింది. "కరువులో తిన్నదే బొవూ. తిని బతికాం" అంది. గొంతు మామూలుగానే ఉంది. మొహం ఎలా ఉందో ఆ మసకలో నాకు కనిపించలేదు.

సెప్టెంబరు 23

అదే పళ్ళెం. అదే సమయానికి. అదే గొంతుతో "తినండి."

నాకైతే ఇంత ఓర్పు పుట్టదు. మట్టిని బట్టి మనిషేమో.

సెప్టెంబరు 27

ఐదు రోజులుగా కొట్టు వైపు వెళ్ళలేదు. నిజంగానే.

అక్టోబరు 2, గురువారం

దసరా. అమ్మవారి దగ్గరి నుంచి పళ్ళెం వచ్చింది. ప్రసాదం. కళ్ళకద్దుకుని తీసుకున్నాను.

మిఠాయి తినలేదు.

అక్టోబరు 6

కుమార పున్నమి. పేలాలు, అరటిపండు, కొబ్బరి, బెల్లం కలిపి చంద్రుడికి పెట్టాం. చంద్రుడు నా కంటికి మూడుగా కనిపించాడు. మూడింటికీ దణ్ణం పెట్టాను.

మిఠాయి తినలేదు. ఝరణా అడిగితే ధైర్యంగా చెప్పాను.

అక్టోబరు 8

కార్తీకం. మాత్రలు వేసుకునేవాళ్ళు ఉపవాసాలు చేయకూడదని డాక్టరు చెప్పినందున ఈ ఏడు ఒంటిపూట హవిష్యం లేదు. మొగుడు పోయిన నాటి నుంచీ తప్పని నియమం తప్పింది. దేవుడేమనుకుంటాడో. కన్ను ఇచ్చేవాడు ఆయనే కదా, ఆయనకే నియమం ఎగ్గొట్టి ఆయన్నే కన్ను అడగడం.

పక్కింటి నళినీ అపా, నాకు అక్క వరస, నా బాధ చూడలేక, "నువ్వు ఉపవాసం లేకపోతేనేం తిలో, నా భోగం నీకు పెడతాలే" అంది. నన్ను పేరు పెట్టి పిలిచేది ఇప్పుడు ఆమె ఒక్కతే. పూరీ నుంచి ఖాజా వచ్చిందట, తెచ్చిపెట్టింది. ఎంత మంచి మనిషి!

అక్టోబరు 11

మిఠాయి తినలేదు. కొబ్బరి కోరా ప్రసాదం.

అక్టోబరు 13

మిఠాయి తినలేదు. నళినీ అపా అల్లుడు కేంద్రాపడా బలదేవుడి రసాబళి తెచ్చాడు. పాలలో నానిన ఆ పెద్ద బిళ్ళలు. దేవుడికి నివేదించినదాన్ని చీమ కూడా కాదనదు.

అక్టోబరు 14

నా నిగ్రహం చూసి నాకే ముచ్చటగా ఉంది. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ తినే మిఠాయి ఇన్నాళ్ళు మానేశాను. ఝరణా కూడా సంతోషంగా ఉంది. "ఈసారి రక్తం చూపిద్దాం బొవూ, దిగే ఉంటుంది" అంది.

అక్టోబరు 17, శుక్రవారం

దిగలేదు. కొంచెం పెరిగింది కూడా.

డాక్టరు ఝరణా వైపు తిరిగి, ఇంట్లో ఏం పెడుతున్నారని అడిగాడు. ఈ పిల్ల అన్నీ చెప్పింది. ఆయన తల పంకించి, "తిండి బాగానే ఉంది. మరి ఎందుకో" అన్నాడు. ఆటోలో ఝరణా చీర చెంగును వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది.

నాకూ అర్థం కావడం లేదు. మిఠాయి ముట్టలేదే. ఆ కడుపులోవాళ్ళు నా ఎముకల్లోంచి చక్కెర తీసుకుంటున్నారా?

అక్టోబరు 18

పొద్దున్నే వంటింట్లో గొడవ. నేను పూజగదిలో ఉన్నాననుకున్నారు.

"డాక్టర్ల మాట కాదని నీ వెదురు తొక్కు పెట్టావు. మా అమ్మ కన్ను నీ ఊరి కంపులో పోతోంది" అని బిరంచి.

"నేను డాక్టరు మాట ఎప్పుడు కాదన్నాను? మాత్ర ఒక్కపూట తప్పిందా?"

"మరి ఎందుకు పెరిగింది?"

"తెలియదు" అంది ఝరణా. ఆ 'తెలియదు' ఎంత చిన్నగా వచ్చిందో! స్మృతిరేఖ కూడా అక్కడే ఉంది. "తప్పు అక్కది కాదు. నేను చెప్పినదాంట్లోనే ఏదో పొరపాటుండాలి" అంది.

ముగ్గురూ ఎవరికి వారు తప్పు నెత్తిన వేసుకుంటున్నారు, ఒకరి మీద ఒకరు వేసుకుంటున్నారు. నా కోసం. నా వల్ల ఒకరి కాపురంలో మాట రాకూడదని లోపలికి వెళ్ళాను.

"ఆ పిల్లనేమీ అనకు బిరంచీ. నేను దొంగతనంగా కూడా తినలేదు. దసరా నుంచి మిఠాయి నోట పెడితే ఒట్టు. ప్రసాదం తప్ప."

ముగ్గురూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"ఏం ప్రసాదం బొవూ?" అంది ఝరణా.

"ఏముంటుంది? ఖాజా, కోరా, రసాబళి. నళినీ అపా తెస్తుంది కదా."

"రోజూనా?"

"దేవుడు రోజూ ఉండడా?"

"ఎన్ని తింటారు?"

"ప్రసాదానికి లెక్కేంటే? ప్రసాదం మిఠాయి కాదు."

స్మృతిరేఖ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. బిరంచి తల పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. "రసాబళి మిఠాయి కాదట! తరతరాలుగా గుడియాలం, మిఠాయి చేసేవాళ్ళం, మా ఇంట్లో రసాబళి మిఠాయి కాదట!"

"నివేదించాక కాదు" అన్నాను. ఇప్పటికీ కాదనే అనుకుంటున్నాను. మా అమ్మ అలాగే అనేది. ఆమెకూ చివర్లో చూపు పోయింది. ఎందుకు పోయిందో ఎవరూ అడగలేదు.

ఈ వాక్యం రాసి మళ్ళీ చదువుకున్నాను.

అక్టోబరు 19

నళినీ అపా ఇంటికి ఎవరైనా వెళ్ళి దెబ్బలాడతారేమోనని భయపడ్డాను. అలా జరిగితే ఆ మొహం నేనెలా చూడను? ప్రసాదం వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది? కన్ను కోసం దేవుణ్ణి కాదన్నదాన్నవుతాను.

ఝరణా వెళ్ళలేదు. పొద్దున స్నానం చేసి నా దగ్గరికొచ్చింది. పూజగదిలో జగన్నాథుడి మహాప్రసాదం ఎండు మెతుకులు ఉంటాయి కదా, నిర్మాల్యం. ఆ చిన్న సంచీ తెచ్చింది. అందులోంచి ఒక్క మెతుకు తీసి నా అరచేతిలో పెట్టింది.

"బొవూ, ఈ ఒక్క గింజ తింటే మహాప్రసాదం తిన్నట్టేనా కాదా?"

"తిన్నట్టే. పెళ్ళయినా చావయినా ఒక్క గింజే కదా వేస్తాం."

"పుణ్యంలో ఏమైనా తగ్గుతుందా?"

"రామ రామ, తగ్గదు."

"అయితే నళినీ మావుసీ ఏం తెచ్చినా కళ్ళకద్దుకోండి. అందులోంచి ఒక్క గింజంత తీసి నోట్లో వేసుకోండి. మిగతాది మాకివ్వండి. దేవుడికి గింజ చాలు. కడుపులో ఉన్నవాళ్ళకే చాలదు."

ఇంత మాట ఏ పురాణం చెప్పే పంతులూ నాకు చెప్పలేదు. దేవుణ్ణి కాదనకుండా, నళినీ అపాను కాదనకుండా, నన్ను కాదనకుండా దారి చూపింది. బలాంగీర్ నుంచి వచ్చిన ఈ సన్నటి పిల్ల. నేను కరువు తిండి అని దెప్పిన పిల్ల.

అక్టోబరు 21

దీపావళి పళ్ళెం నిండుగా వచ్చింది. గోరంత తీసి నోట్లో వేసుకున్నాను. మిగతాది ఇచ్చేశాను.

ఇచ్చేటప్పుడు పళ్ళెం ఒక పట్టాన వదల్లేదు. నళినీ అపా చూసి, "ఏమే తిలో, నా ప్రసాదానికి విషం తగిలిందా?" అంది. "లేదు అపా, నా కడుపులో కొత్త కాపురాలు పెడుతున్నారు, పాతవాళ్ళను ఖాళీ చేయించాలి" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నా నుదురు తాకి జ్వరముందేమోనని చూసింది.

అక్టోబరు 25

గింజ.

అక్టోబరు 26

గింజ. కొంచెం పెద్ద గింజ.

అక్టోబరు 29

స్మృతిరేఖ ఒక బొమ్మ చూపించింది. పెద్ద గాజు కంటి కింద పెట్టి తీసిన బొమ్మట. నా ఒంటికన్నుకు కూడా కనిపించేలా పెద్దది చేసి చూపింది. చిన్న చిన్న కడ్డీలు, గుండ్రాలు, ముత్యాల దండల్లా వేలాడేవి. "ఇవేనా?" అంటే "ఇలాంటివే" అంది.

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత అందంగా ఉన్నాయో. జీతం లేదు, సెలవు లేదు, వెలుతురు లేదు. వాళ్ళకు నేనేం పెట్టాను? పాకం, పాకం, మళ్ళీ పాకం. అయినా ఈ వయసు దాకా నన్ను మోశారు. మంచివాళ్ళు ఆకలితో మాడుతూ మూల కూర్చుని ఉంటారు, ఎప్పటికైనా ఒక ఆకు వేస్తుందేమో ఈ ముసలిది అని.

"అలా అనుకోకండి మావుసీ, వాటికి మనసుండదు" అంది ఆ పిల్ల.

నీకు చదువు తెలుసు తల్లీ, నాకు ఆకలి తెలుసు.

నవంబరు 3

ఒక వింత. మధ్యాహ్నం ఝరణా పుట్టింటి వాళ్ళతో ఫోన్‌లో ఉండి హెండువా వెయ్యకుండా పళ్ళెం పెట్టింది. తింటుంటే ఏదో వెలితి. ఉప్పు చూశాను, సరిగానే ఉంది. కాసేపటికి తెలిసింది. ఆ కంపు లేదు.

అడగడానికి సిగ్గేసింది. "ఇవాళ వంటింట్లో వాసన రావడం లేదేం?" అన్నాను.

"మర్చిపోయాను బొవూ. అయినా మీకు పడదు కదా..."

"పడదని ఎవరన్నారు?"

ఝరణా ఫోన్ పెట్టేసి, డబ్బా తెచ్చి రెండు చెంచాలు వేసింది. ఆ మసకలో కూడా ఆ పిల్ల నవ్వడం నాకు తెలిసింది. నవ్వు గొంతులో కూడా ఉంటుంది.

వాళ్ళు మారుతున్నారన్నమాట. అడిగేవాళ్ళు మారితే అడిగేదీ మారుతుంది. స్మృతిరేఖకు చెప్తే, "అలవాటు కూడా అయి ఉండొచ్చు మావుసీ, నాలుక కూడా నేర్చుకుంటుంది" అంది. ఏదైతేనేం. నాలుక నేర్చుకున్నా, పేగులు నేర్చుకున్నా, నేర్పినది ఒక్కతే.

నవంబరు 5

కార్తీక పున్నమి. తెల్లవారుజామున కువాఖాయి నది ఒడ్డున అరటి దొప్పల పడవలు వదిలాం. నాకు వెలుగు మాత్రం తెలిసింది, పడవ తెలియలేదు.

గింజ కూడా గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే గుర్తొచ్చింది.

నవంబరు 11, మంగళవారం

దిగింది!

డాక్టరు రెండోసారి చూసుకున్నాడు. "ఏం చేశారమ్మా?" అన్నాడు.

"నేనేం చేయలేదు బాబూ. మా కోడలు వాళ్ళతో మాట్లాడింది" అన్నాను.

"ఎవరితో?"

ఝరణా నా చెయ్యి నొక్కింది, చెప్పొద్దని. వేళకు మాత్ర, వేళకు తిండి, తీపి మానడం అని చెప్పింది. ఆయన భేష్ అన్నాడు. భేష్ నాకు చెప్పాడు. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. వచ్చే బుధవారం ఆపరేషను.

నవంబరు 18

రేపే.

కన్ను మీద మందు వేసినప్పుడు తుమ్మొస్తే? డాక్టరు చెయ్యి జారితే? నేను కదిలితే? కదలొద్దంటే నాకు కదలాలనిపిస్తుంది. గుడ్డ విప్పాక నల్లగానే ఉంటే? ఇన్ని అడిగితే ఝరణా, "కదిలితే నేనే పట్టుకుంటాను" అంది. లోపలికి రానివ్వరని దానికి తెలుసు. నాకూ తెలుసు. అయినా నిమ్మళంగా ఉంది.

ఈ అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, వంకరగా పోతున్నాయి. ఇవి ఆఖరివి కాకూడదు.

డిసెంబరు 2, మంగళవారం

కనిపిస్తోంది.

రాయకూడదన్నారు కాబట్టి ఇన్నాళ్ళు రాయలేదు. ఇవాళ కొంచెం రాయొచ్చన్నారు.

గుడ్డ విప్పినప్పటి సంగతి తర్వాత రాస్తాను. ఇవాళ్టి సంగతి ముందు రాయాలి.

మధ్యాహ్నం కొట్టు నుంచి బిరంచి వేడి వేడి రసగుల్లాల గిన్నె తెచ్చాడు. మొదటి వాయి. నా ముందు పెట్టి, "ఒక్కటి తిను బొవూ. డాక్టరు ఒక్కటికి ఒప్పుకున్నాడు" అన్నాడు. కొరికాను. నోరంతా తీపి. తీపే, ఇంకేమీ లేదు. "పాకం ముదిరిందా?" అంటే, "ఎప్పటిదే బొవూ, చిటికెడు కూడా మారలేదు" అన్నాడు. సగం గిన్నెలో పెట్టేశాను. చిన్నతనం నుంచీ తోడున్న చుట్టం ఊరు విడిచి వెళ్ళినట్టు ఒక్క క్షణం దిగులేసింది. వెళ్ళనీ. ఎక్కడున్నా చల్లగా ఉండనీ.

గిన్నె తీసుకెళ్ళమని ఝరణాను పిలవబోతే బిరంచి ఆపాడు. గొంతు తగ్గించి, "దానికి కూడా పెట్టాలి బొవూ. కటక్ నుంచి వచ్చిన ఆ మొదటి రోజు ఒట్టు పెట్టుకుంది, నీ కన్ను తెరుచుకునే దాకా తీపి ముట్టనని. పెళ్ళయిన కొత్తలో ఎన్ని తినేదో నీకు తెలియదు, నేను దాచిపెట్టేవాణ్ణి. 'మీ అమ్మకు చెప్తే పాపం, ఆవిడ మీద ఒత్తిడవుతుంది' అని నా నోరు మూయించింది" అన్నాడు.

వేళ్ళ మీద లెక్కవేశాను. పండగలన్నీ దాటిపోయాయి. నేను ఇచ్చేసిన నళినీ అపా ప్రసాదం మొత్తం దాని చేతుల మీదుగానే వీధి పిల్లలకు వెళ్ళింది. ఆ చేతులే నాకు తెలుసు. వాటికి పైన మొహంలో ఏముందో నాకు కనిపించలేదు.

బిరంచి గిన్నె వంటింట్లో పెట్టి కొట్టుకు వెళ్ళిపోయాడు. నేను వసారాలో కూర్చున్నాను. అక్కడి నుంచి వంటింటి గుమ్మం తిన్నగా కనిపిస్తుంది. అన్నీ అంచులతో సహా కనిపిస్తున్నాయి. ఝరణా చేతులు కడుక్కుని వచ్చి గిన్నె చూసింది. అటూ ఇటూ చూసింది. నేను ఆపరేషను నల్లద్దాల వెనక నిద్రపోతున్నట్టు ఉన్నాను. ఆ పిల్లకు చెవి పక్కన అప్పుడే తెల్లవెంట్రుకలు. బుగ్గలు లోపలికి పోయాయి. నేను ఊహించుకున్న మొహం కంటే పెద్ద మొహం, అలిసిన మొహం.

ఒక రసగుల్లా తీసి మొత్తం నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. పాకం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారింది, దాన్ని కూడా నాకింది.

ఎన్నాళ్ళుగా లోపల వాళ్ళు ఎంత అడిగి ఉంటారో దాన్ని. ఎంత గోల పెట్టి ఉంటారో. నేను ఒక్క పూట ఆగలేక కరువు తిండి అన్నాను. అది ఇన్నాళ్ళు పాకం ఆవిరిలో నిలబడి ఆగింది.

తర్వాత దాని చెయ్యి గిన్నె అంచు మీద ఆగింది. ఇంకొకటి తీసుకోవాలా వద్దా అన్నట్టు. నాకు లేచి వెళ్ళి తినమని చెప్పాలనిపించింది. చెప్తే సిగ్గుపడి మానేస్తుందని భయం. ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. తీసుకో తల్లీ, తీసుకో అని మనసులోనే అనుకుంటూ చూస్తూ కూర్చున్నాను.

తీసుకుంది.